పొయ్యి ముట్టియ్యొద్దని చాటించిన లగ్గం

పెండ్లిళ్లలో కెమెరా పట్టుకుని తిరిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు పని నేర్పేంత తాహతు నాకిప్పుడు లేదు. మీ కెమెరాల మీద ఉండే బటన్లలో సగం దేనికో నాకు అంతుబట్టదు. సిద్దిపేటలో పాత బస్టాండు దగ్గర చిన్న స్టూడియో పెట్టుకుని బ్లాక్ అండ్ వైట్ రోజుల నుంచి డ్రోన్ల దాకా వచ్చాను. వీడియో క్యాసెట్లలో పెండ్లికూతురి మొహం చుట్టూ గులాబీపువ్వులు తిప్పినవాణ్ణి నేనే. తాళి కట్టేటప్పుడు వెనకాల మెరుపులు మెరిపించినవాణ్ణీ నేనే. నవ్వుకోండి, పర్లేదు. అప్పట్లో ఆ మెరుపుల కోసం జనం స్టూడియో ముందు నిలబడేవాళ్లు.

స్టూడియో మూసి ఇంట్లో కూర్చున్నాక మీలో కొందరు వచ్చి అడుగుతుంటారు, "అన్నా, ఆ గడీ పెండ్లి సంగతి చెప్పవా" అని. అడిగేటప్పుడే మీ పెదాల మీద నవ్వు ఉంటుంది. మా దిక్కు ఆ సంగతి తెలియనివాళ్లు తక్కువ. వీడియో కోసం డప్పు కొట్టిస్తే ఊరు ఊరంతా దావత్‌కు వచ్చిందట అని టీ కొట్టు దగ్గర చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వుతారు. చెప్పేవాళ్లు తమకు తోచిన మసాలా కూడా కలుపుతారు. నాకు మాత్రం అందులో నవ్వొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు. అదే నేను తీసిన చివరి పెండ్లి. గుర్తొస్తే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎట్లా జరిగిందో అట్లా చెప్తాను. విన్నాక కూడా నవ్వు వస్తే నవ్వండి.

ఆ ఊరి పేరు వద్దులే. మద్దూరు దిక్కు పోతుంటే వస్తుంది. ఊరి నడుమ పాత గడీ ఒకటి ఉంది. ఒకప్పుడు దొరలు ఉన్న ఇల్లు. ఎత్తు గోడలు, ఇనుప బొడిపెల దర్వాజ, లోపల ఒకదాని వెనక ఒకటి రెండు పెద్ద వాకిళ్లు. వారసులు ఎప్పుడో పట్నం చేరారు. ఏండ్ల తరబడి అందులో పావురాలు, గబ్బిలాలు కాపురం చేశాయి. ఈ మధ్య ఎవరో పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టించి, పెండ్లిళ్లకు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టారు. పట్నంవాళ్లకు ఫంక్షన్ హాళ్లు మొహం మొత్తాయి మరి. పల్లెటూరి పెండ్లి కావాలంటారు. కాకపోతే అందులో ఈగలు, దుమ్ము ఉండకూడదు.

ఆ పెండ్లి కోసం గడీ లోపల ఒక ఊరినే కట్టారు. నులక మంచాలు వేశారు, ఎడ్లబండికి పూలు చుట్టారు, మట్టి గురుగుల్లో మొక్కలు పెట్టారు. గోడలకు పిడకలు కూడా కొట్టారు. దగ్గరికి పోయి చూస్తే అవి రంగు వేసిన థర్మాకోల్ ముక్కలు. ఒక మూల ఉత్తుత్తి కిరాణా కొట్టు పెట్టి సీసాల్లో చాక్లెట్ బిళ్లలు పోశారు. అసలు కిరాణా కొట్టు సరిగ్గా ఆ గోడకు అవతలి పక్కనే ఉంది. అందులో కొట్టాయన బేరం లేక ఈగలు తోలుకుంటున్నాడు.

వీడియో పని హైదరాబాద్ టీమ్‌ది. వాళ్ల పెద్ద ఒక కుర్ర డైరెక్టర్. గడ్డం పెంచాడు గానీ మర్యాద తెలిసినవాడు, నన్ను "అంకుల్" అనేవాడు. ఊళ్లు తెలిసిన మనిషి, ఊరివాళ్లతో మాట్లాడే మనిషి కావాలని నన్ను పెట్టుకున్నారు. నాతో క్యాసెట్ల కాలం నుంచి లైటు పట్టుకున్న మా లైట్లాయన కూడా వచ్చాడు. ఇద్దరం ముసలి ఎద్దుల్లా ఆ కుర్రవాళ్ల వెనక నడుస్తుండేవాళ్లం. నిజం చెప్పాలంటే నాకు లోపల గర్వంగానే ఉండేది. చివరి రోజుల్లో పెద్ద పని దొరికిందని ఇంట్లో, బజార్లో చెప్పుకుని తిరిగాను.

లగ్గానికి ముందే ఒక చిన్న సినిమా తీసి, పెండ్లిరోజు వచ్చిన చుట్టాలకు పెద్ద తెర మీద చూపించాలని వాళ్ల ప్లాను. ఏం తీయాలా అని ఊళ్లో తిరుగుతుంటే డప్పు చప్పుడు వినిపించింది. ఒక పెద్దాయన తెల్ల ధోవతి ఎగగట్టి, మంచినీళ్లు రేపు రావని పంచాయతీ తరఫున చాటుతున్నాడు. డైరెక్టర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అంకుల్, ఇదే కావాలి. మన పెండ్లిని ఈయన ఊరంతా అనౌన్స్ చేయాలి. కానీ యాక్టింగ్ ఉండొద్దు. జనం నిజంగా తలుపులు తీసుకుని బయటికి రావాలి, వాళ్ల మొహాలు నిజంగా ఉండాలి" అన్నాడు.

"అదెంత పని" అన్నాను నేను.

ఆ సాయంత్రం పెద్దాయన ఇంటికి పోయాను. ఊరి చివర ఆయన వాడ. వాకిట్లో కూర్చుని డప్పుకు వేడి చూపిస్తున్నాడు. నన్ను చూసి లేచి మంచం వాల్చాడు. గడీలో లగ్గం ఉందని, దానికి చాటింపు వేయాలని చెప్పాను. వీడియో కూడా తీస్తామన్నాను. అబద్ధం ఎక్కడుంది చెప్పండి, ప్రతి ముక్కా నిజమే. పెండ్లి అన్నాక వీడియో ఉండనే ఉంటుంది. ఇక్కడ వీడియో కోసమే చాటింపు అని ఆయనకు ఎట్లా తడుతుంది? నేను చెప్పాలి. చెప్తే ఆయన గొంతు మారుతుందేమో, కెమెరా ముందు బిగుసుకుపోతాడేమో అని చెప్పలేదు. ఫోటోగ్రాఫర్ బుద్ధి అది.

ఆయన అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఏమని చెప్పాలె సారు? ఇంటికొక్కలా, ఇంటిల్లిపాదా?"

మా దిక్కు పిలుపుల్లో ఈ తేడా ఉంటుంది. ఇంటికొకరు అంటే ఒక మనిషి పోయి తిని వస్తాడు. ఇంటిల్లిపాది అంటే ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ పోవాలి. అంతకన్నా పెద్ద పిలుపు ఇంకొకటుంది. ఆ పూట పొయ్యి ముట్టియ్యొద్దని చెప్పడం. ఊళ్లో ఎవరింట్లోనూ వంట ఉండదు, ఊరి కడుపు పెండ్లివాళ్లే నింపాలి. మా ఇంట్లో మా పెద్దక్క పెండ్లికి మా బాపు అట్లా చాటింపు వేయించాడు. కాబట్టి నాకు తెలియదనడానికి వీల్లేదు. తెలిసిన మాట కాబట్టే అది నా నోటికి వచ్చింది.

"ఇంటిల్లిపాది అను కాకా. పొయ్యి ముట్టియ్యొద్దను. గట్లనే బాగుంటది" అన్నాను. వినడానికి బాగుంటుందని నా లెక్క.

పెద్దాయన డప్పు పక్కన పెట్టాడు. "పెద్ద మాట సారు గది. ఇంటోల్లను ఒకపారి అడుగరాదుండ్రి" అన్నాడు.

"అన్నీ మాట్లాడుకున్నం కాకా. నువ్వు చెప్పు."

మేం మాట్లాడుకున్నది డ్రోను ఎక్కడి నుంచి లేపాలని.

పెద్దాయన డప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "ఈ గడీ పేరు మీద మా నాయిన చాన చాటింపులు ఏసిండు సారు. ఎట్టి చాకిరికి రమ్మని, బండ్లు కట్టుమని, గింజలు తెచ్చి పొయ్యిమని. తిననీకి రమ్మని ఒక్కనాడన్న చాటలె. గది నా చేతుల మీదుగ అయితున్నది."

నేను బాగా కదిలిపోయాను. ఎంత కదిలిపోయానంటే, ఈ మాట కూడా వీడియోలో ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. అంతకు మించి ఇంకేమీ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే తీశాం. ఎండ ఇంకా మెత్తగా ఉంది, వాకిళ్లు అప్పుడే ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లారు. పెద్దాయన నడుస్తూ డప్పు మీద దెబ్బ వేసి, ఆగి, గొంతెత్తాడు.

"ఇనుండ్రి, ఊరోల్లందరు ఇనుండ్రి. ఎల్లుండి మన గడీల లగ్గం. ఇంటిల్లిపాది రావాలె. ఆ పూట ఎవ్వలింట్ల పొయ్యి ముట్టియ్యొద్దు. అందరు గడీలనే తినాలె."

తలుపులు తెరుచుకున్నాయి. చేతికి పిండి అంటుకుని ఉన్నవాళ్లు, పండ్లు తోముకునే పుల్ల నోట్లో ఉన్నవాళ్లు, భివండీ మరమగ్గాల పని నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన లుంగీ మీదే, అందరూ గడపల్లోకి వచ్చారు. డైరెక్టర్ ఏ మొహాలు అడిగాడో అవే మొహాలు. సాలోళ్ల వాడలో మగ్గం మీది నుంచి లేచి ఒక అవ్వ వచ్చింది. ఎనభై దాటి ఉంటుంది, నడుం వంగింది గానీ గొంతు ఖంగుమంటుంది.

"మమ్ములను గూడనా?" అంది.

"అందరిని అవ్వా, ఊరందరిని" అన్నాడు పెద్దాయన.

ఆమె నా వైపు తిరిగింది. నేను కెమెరాతో ఆమె మొహానికి దగ్గరగా ఉన్నాను.

"బిడ్డా, ఏ దర్వాజతోని రావాలె? మా అవ్వ బట్టలు నేసి ఎన్క దర్వాజ కాడ ఇచ్చి వచ్చేది. ముంగటి దర్వాజ నేను ఎన్నడు దాటలె."

ఆమె కండ్లలో వెలుగు వచ్చింది. అది పోకుండా ఇంకొక్క క్షణం ఉండాలి, షాటు పూర్తి కావాలి. "ముంగటి దర్వాజతోనే అవ్వా" అన్నాను కెమెరాలోంచి కన్ను తీయకుండా.

మా లైట్లాయన రిఫ్లెక్టర్ మడుస్తూ నా చెవి దగ్గరికి వచ్చాడు. "అన్నా, గీళ్లు నిజంగనె వస్తరేమొ. జర చెప్పుదమా?"

"ఏ, ఈ కాలంల డప్పు ఇని దావత్‌కు ఎవడు వస్తడు? అందరి తాన ఫోన్లున్నయి. షూటింగని వాళ్లకు తెల్వదా" అన్నాను. ఆయన రిఫ్లెక్టర్ సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

డైరెక్టర్ ఆ షాట్లు చూసుకుని కండ్లు తుడుచుకున్నాడు. "అంకుల్, మీరు లేకపోతే ఇది వచ్చేది కాదు" అన్నాడు. అది కూడా నిజమే.

పెండ్లిరోజు ముహూర్తం ఎండెక్కాక ఉంది. నేను లోపలి వాకిట్లో పెండ్లికొడుకును ఎడ్లబండి మీద కూర్చోబెట్టి ఫోటోలు తీస్తున్నాను. వచ్చిన చుట్టాలందరి మణికట్టుకూ ఒక రంగు దారం కట్టారు. దారం ఉంటేనే లోపలికి. భోజనాలు మూకుళ్లలో, అరిటాకుల్లో సర్దుతున్నారు. జొన్నరొట్టె చిన్న చిన్న బిళ్లలుగా కోసి, మీద ఏదో పెట్టి తిప్పుతున్నారు. అప్పుడు మా లైట్లాయన ఫోను చేశాడు.

"అన్నా, జర గేటు కాడికి రా" అన్నాడు. అంతే.

పోయి చూశాను. దర్వాజ బయట ఊరుంది.

ఊరంటే ఊరే. మొగవాళ్లు ఇస్త్రీ మడతలు పోని చొక్కాల్లో ఉన్నారు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టి తలలో పూలు పెట్టారు. పిల్లలకు పౌడర్ మెడ దాకా పూశారు. చేతుల్లో స్టీలు గిన్నెలు, జాకెటు ముక్కలు, తువ్వాళ్లు ఉన్నాయి. ఎవరూ తోసుకోవడం లేదు, గొంతు పెంచడం లేదు. నీడ ఉన్నచోట ముసలివాళ్లను కూర్చోబెట్టి మిగతావాళ్లు ఎండలో నిలబడ్డారు. నల్ల చొక్కాల కాపలావాళ్లు దర్వాజకు అడ్డంగా నిలబడి బిక్కమొహం వేశారు.

వాళ్లు కోపంగా ఉంటే బాగుండును అనిపించింది. వాళ్లు ఒకరికొకరు సర్దిచెప్పుకుంటున్నారు.

"మొగపిల్లగానోల్ల బంతి ముందుగాల లేస్తది. తర్వాత మనది" అంటోంది ఒకామె పక్కామెతో. మర్యాదస్తుల ఇంట్లో వియ్యాలవాళ్ల వరస తిన్నాకే ఊరి వరస కూర్చుంటుంది, అందుకే ఆపారని వాళ్లే అనుకుంటున్నారు. భివండీ ఆయన, "పెద్దోల్ల లగ్గం గదా, టైం వడ్తది" అన్నాడు.

అంతలో లోపల పెద్ద తెర మీద మా సినిమా మొదలైంది. డప్పు దెబ్బ గోడ దాటి వచ్చింది. ఆ వెనకే పెద్దాయన గొంతు, పది స్పీకర్లలో. "ఇంటిల్లిపాది రావాలె. ఆ పూట ఎవ్వలింట్ల పొయ్యి ముట్టియ్యొద్దు." లోపల చుట్టాలు ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు.

బయట కూర్చున్నవాళ్లు లేచారు. ఇక పిలుస్తున్నారనుకున్నారు. చీరలు సర్దుకుని, పిల్లల చేతులు పట్టుకుని రెండడుగులు ముందుకు వేశారు. కాపలావాళ్లు భయపడి దర్వాజ మూశారు. ఇనుప గడియ పడ్డ చప్పుడు అందరికీ వినబడింది.

అప్పుడు నేను దర్వాజ బయటే ఉండిపోయాను. ఆ మాట మీకు ఎందుకు చెప్తున్నానంటే, లోపల ఉండి ఉంటే లోపలే ఉండిపోయేవాణ్ణి. నా ధైర్యం సంగతి నాకు తెలుసు.

చిన్న తలుపులోంచి అమ్మాయి తండ్రి వచ్చాడు, వెనకే ఏర్పాట్లు చూసే మేనేజరమ్మ వచ్చింది. ఆయన చెడ్డ మనిషి కాదు. అంతమందిని చూసి చేతులు జోడించాడు. "ఏంటమ్మా, ఎవరు పిలిచారు వీళ్లను? మనం లెక్క కట్టి వంట చేయించాం కదా" అన్నాడు.

"డప్పాయన తాగి ఏదో చెప్పి ఉంటాడు సార్" అంది మేనేజరమ్మ.

పెద్దాయన ముందు వరసలోనే ఉన్నాడు. ఆ రోజు డప్పు తేలేదు, చుట్టంలా వచ్చాడు. ఉతికిన ధోవతి, భుజం మీద కొత్త కండువా. ఆ మాట వినగానే ఊరివాళ్లందరూ ఆయన వైపు చూశారు. ఆ ఊళ్లో చావు అయినా, కరెంటు పోతుందన్నా, రేషన్ వచ్చిందన్నా ఆయన నోటి నుంచే వినాలి. ఏండ్ల తరబడి ఒక్క మాట తప్పు చాటని మనిషి. ఆయన వాళ్ల వైపు చూడలేదు, నా వైపు చూశాడు. సార్ చెప్తాడులే అన్నట్టు చూశాడు.

నేను చెప్పలేదు. లెన్సు మూత తీసి తుడిచాను. తుడిచిందే తుడిచాను. నా గొంతులో ఏదో అడ్డం పడిందని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అడ్డం ఏమీ లేదు. పెద్ద పనిలో పేరు పోతుందని భయం, అంతే.

నన్ను పట్టించింది సాలోళ్ల అవ్వ. పట్టించాలని కాదు. సాక్ష్యానికి మంచి మనిషి ఉన్నాడని నమ్మి ముందుకు వచ్చింది.

"తాగి చెప్పలె బిడ్డా. గీ సారే దగ్గరుండి చెప్పిచ్చిండు. ముంగటి దర్వాజతోనే రమ్మన్నడు. అడుగుండ్రి, ఈన్నే ఉన్నడు గద" అంది.

అందరి కండ్లూ నా మీద పడ్డాయి. "వీడియో కోసం చెప్పించాను సార్" అన్నాను. నా మాట నాకే సరిగా వినబడలేదు. తండ్రి మళ్లీ అడిగాడు. ఈసారి ఊరివాళ్ల వైపు తిరిగి చెప్పాల్సి వచ్చింది. "నిజం పిలుపు కాదు. వీడియో కోసం చాటింపు వేయించిన. కాకకు తెల్వదు. నేనే చెప్పలె."

ఎవరూ తిట్టలేదు. తిడితే తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసి, "వీడియోకా" అని ఒక్కసారి అంది. ఏదో తెలియని వస్తువు పేరు పలికినట్టు అంది.

తండ్రి పాపం కంగారుపడి స్వీటు డబ్బాలు తెప్పిస్తానన్నాడు, గేటు దగ్గర అందరికీ పంచుతామన్నాడు. పెద్దాయన అప్పుడు నోరు విప్పాడు.

"పంచితె తీస్కపోనీకి రాలె సారు. పిలిసిన్రంటె వచ్చినం. పిలువలేదంటె పోతం."

జనం కదిలారు. పోతూ పోతూ ఒకామె చేతిలోని స్టీలు గిన్నె దర్వాజ పక్క అరుగు మీద పెట్టింది. "పిల్ల పేరు మీద తెచ్చింది మల్ల ఇంటికి కొంచవోతె మంచిది గాదు" అంది. వెనకామె జాకెటు ముక్క పెట్టింది. ఇంకొకరు తువ్వాలు పెట్టారు. అవ్వ తను నేసిన చీర తెచ్చింది. కాగితంలో చుట్టి ఉంది. దాన్ని అన్నిటి పైన పెట్టి, కాగితం ఎగిరిపోకుండా ఒక గిన్నె దాని మీద బోర్లించింది. నా చెయ్యి నాకు తెలియకుండానే కెమెరా మీదికి పోయింది. అరుగు మీద ఆ కుప్ప, వెనక మూసిన దర్వాజ, మంచి ఫ్రేము. చెయ్యి తీసేశాను. కానీ పోయిన మాట వాస్తవం. అంత జరిగాక కూడా పోయింది. ఆ రోజు జరిగినవాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేది దానికే.

ఆ సినిమాను తర్వాత చాలామంది చూశారట. డైరెక్టర్‌కు దాని వల్ల ఇంకా పనులు వచ్చాయట. ఆ కుర్రాడు జరిగింది తెలిశాక ఆ రోజు నా పక్కన కూర్చుని ఏడ్చినవాడే, ఆయన్ని నేనేమీ అనను. ఊరు తెలియనివాడు. నన్ను పెట్టుకున్నదే ఊరు తెలిసినవాణ్ణని. మీరూ రేపు ఇట్లాంటి పనులకు పోతారు. బోనం ఎత్తమని, ఒడిబియ్యం పోయమని, అప్పగింతల్లో ఇంకోసారి ఏడవమని జనానికి చెప్తారు. చెప్పే ముందు ఆ మాట అక్కడ ఎవరిని ఎక్కడిదాకా నడిపిస్తుందో ఆలోచించండి. ఇంతకన్నా పెద్ద మాటలు చెప్పే మొహం నాకు లేదు.

ఆ పూట ఇంకా అయిపోలేదు. జనం వెళ్లాక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం లేదు, తొందర ఉంది.

"పొలాల కాడికి వోయినోల్లు ఇంక రానే లేదు. వస్తనే గడీకి వస్తరు. ఇండ్లల్ల సద్ది గూడ లేదు. మల్ల చాటాలె సారు. నువ్వు రా."

"నేనెందుకు కాకా?"

"డప్పు నేను కొడ్త. మాట నువ్వు చెప్పు. ఒక్క నోటితోని రెండు మాటలు నేను చెప్ప."

లోపల తలంబ్రాలు మొదలయ్యాయి. మా లైట్లాయన స్పేర్ కెమెరా అందుకుని నన్ను పొమ్మని సైగ చేశాడు. పెద్దాయన ఇంటికి పోయి డప్పు తెచ్చాడు. ఇద్దరం వాడలు పట్టుకుని నడిచాం. ఎండ నెత్తిన ఉంది. నా మెడలో కెమెరా అట్లాగే వేలాడుతోంది, తీసి ఎక్కడైనా పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు. పెద్దాయన దెబ్బ వేసి ఆగి నా వైపు చూసేవాడు.

"ఇనుండ్రి" అన్నాను. గొంతు పక్కింటి దాకా కూడా పోలేదు.

"గట్టిగ" అన్నాడు.

ముప్పై ఏండ్లకు పైగా జనాన్ని నవ్వండి, దగ్గరికి జరగండి, ఇటు చూడండి అని అరిచినవాణ్ణి. ఆ గొంతు ఆ రోజు నాకు దొరకలేదు. ఒక్కో మూలమలుపు దగ్గర ఒక్కో మాట మింగుతూ చెప్పాను. గడీల దావత్ లేదు. మొన్న చాటింది వీడియోకు. తప్పు నాది. కాకది కాదు. పొయ్యిలు ముట్టిచ్చుకోండ్రి. గడపల్లోకి వచ్చినవాళ్లలో కొందరు ఇంకా పట్టుచీరల్లోనే ఉన్నారు. కొందరు విని తలుపు వేసుకున్నారు. ఒకాయన పెద్దాయనకు మంచినీళ్లిచ్చాడు, నాకూ ఇచ్చాడు. నాకు ఇవ్వకపోతే బాగుండు అనుకుంటూ తాగాను.

చివరి వాడలో, పొలం నుంచి అప్పుడే వచ్చిన ఒకామె తన ఇంటి ముందు ఎదురైంది. నెత్తిన గడ్డిమోపు, కాళ్లకు బురద. వెనక ఆమె కొడుకు, కోడలు. స్నానాలు చేసి గడీకి పోదామని ఆత్రంగా నడిచి వస్తున్నారు. పెద్దాయన డప్పు కొట్టాడు. నేను చెప్పాల్సింది చెప్పాను, ఈసారి గట్టిగానే చెప్పాను.

ఆమె మోపు దించింది. నన్ను చూసింది, నా మెడలో కెమెరా చూసింది. తర్వాత పెద్దాయనను అడిగింది.

"అన్నా, గిది నిజంగ చాటుతున్నరా? గిది గూడ వీడియోకేనా?"

పెద్దాయన డప్పు మీద చెయ్యి పెట్టి దాని చప్పుడు ఆపాడు. ఆమె పొయ్యి ముట్టించాలో వద్దో తెలియక మా ఇద్దరి మొహాలు చూస్తూ గడప ముందే నిలబడింది.